మనాస్లు చుట్టూ, శిఖరం ఎడమ చేతికి

నేపాల్‌లోని మనాస్లు పర్వతాన్ని చుట్టి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ అప్రదక్షిణంగానే నడుస్తారు. ఆషాఢ పౌర్ణమికి ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేసే కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి, ఖాట్మండులో మ్యాపు పరిచినప్పుడు ముందుగా నా కంటికి తగిలింది అదే. తూర్పున బుఢీ గండకీ నది వెంట పైకి ఎక్కాలి. ఉత్తరాన టిబెట్ సరిహద్దుకు దగ్గరగా మలుపు తిరగాలి. 5,106 మీటర్ల ఎత్తున ఉన్న లార్క్యా లా కనుమ దాటి పడమటి వైపు దిగాలి. శిఖరం మొదటినుంచి చివరిదాకా ఎడమ చేతి వైపే ఉంటుంది. ఎందుకిలా అని అడిగితే మా గైడు మ్యాపు మీద రెండు చోట్ల వేలు పెట్టి చూపించాడు. పడమటి వైపు కనుమకు ముందు చివరి బస భీంథాంగ్, 3,590 మీటర్లు. అటునుంచి వస్తే కనుమ రోజున పదిహేను వందల మీటర్లు ఎక్కాలి. ఇటునుంచి అయితే ధర్మశాల అనే చోట 4,460 మీటర్ల ఎత్తున నిద్రపోవచ్చు, మిగిలేది ఆరువందల యాభై మీటర్లే. "ఒంటికి అలవాటు పడే సమయం ఈ వైపునే దొరుకుతుంది దీదీ" అన్నాడు. దారి పొడుగునా ఈ మాట నాకు గుర్తుకొస్తూనే ఉంది.

నేను, తమ్ముడు కలిసి వెళ్ళాం. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారిలో జనం ఎక్కువ. అన్నపూర్ణ చుట్టు దారిలో చాలా భాగం ఇప్పుడు జీపులు తిరిగే రోడ్డు. మనాస్లు 8,163 మీటర్లతో ప్రపంచంలో ఎనిమిదో ఎత్తైన శిఖరం అయినా అక్కడికి వెళ్ళేవాళ్ళు వీటితో పోలిస్తే చాలా తక్కువ. టిబెట్ సరిహద్దును ఆనుకుని ఉండటం వల్ల నేపాల్ ప్రభుత్వం దీన్ని నియంత్రిత ప్రాంతంగా ఉంచింది. 1991లో గానీ ట్రెక్కర్లను రానివ్వలేదు. 1998లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మేము వెళ్ళినప్పుడు కనీసం ఇద్దరు ఉండాలి, లైసెన్సు ఉన్న గైడు తప్పనిసరి. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు గానీ ఈ ప్రాంతంలోకి వెళ్ళే పర్మిట్‌కు పాస్‌పోర్టు పట్టుకెళ్ళడమే మేలు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మొదటి ఏడు రోజులకు మనిషికి 100 డాలర్లు, ఆపైన రోజుకు 15 డాలర్లు. దీంతోపాటు మనాస్లు, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతాల ప్రవేశ రుసుములు విడిగా కట్టాలి. వాటిలో మాత్రం సార్క్ దేశాల వాళ్ళకు తగ్గింపు ఉంది, ఒక్కోదానికి 1,000 నేపాలీ రూపాయలు. మన వంద రూపాయలు అక్కడి 160 రూపాయలకు సమానం. నడక మొదలయ్యాక ఏటీఎంను నమ్ముకోవడానికి లేదు కాబట్టి దారి ఖర్చంతా నేపాలీ నోట్లుగా ఖాట్మండులోనే తీసుకుని రెండు సంచుల్లో పంచి పెట్టుకున్నాం.

విశాఖపట్నంలో ఉండేవాళ్ళకు కాళ్ళను తయారు చేసుకోవడం కష్టం కాదు. సింహాచలం మెట్లు ఉన్నాయి, కైలాసగిరి ఉంది. వీపున సంచీ వేసుకుని తెల్లవారుజామున ఎక్కి దిగేవాళ్ళం. కానీ సముద్రం ఒడ్డున ఎంత సాధన చేసినా ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడదు. అది అక్కడికి వెళ్ళి, మెల్లగా ఎక్కుతూ, పైన రాత్రులు గడపడం వల్లనే జరిగే పని. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికన్నా మరుసటి రాత్రి పడుకునే చోటు ఐదువందల మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఊళ్ళో ఇంకో రాత్రి ఉండాలని పర్వత వైద్యులు చెబుతారు. మా డాక్టరు ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడే ఎసిటజోలమైడ్ మాత్రలు రాసిచ్చారు, సల్ఫా మందులు పడవేమోనని ముందే అడిగి తెలుసుకుని మరీ. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, అన్నం సహించకపోవడం, తూలడం, వీటిని దాచుకోకుండా ఒకరికొకరు చెప్పుకోవాలని నేను, తమ్ముడు ఒప్పందం చేసుకున్నాం. దాచుకుంటేనే ప్రమాదం.

ఖాట్మండు నుంచి అరూఘాట్ మీదుగా వెళ్ళే రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. ఒక పగలంతా కుదుపులు, దుమ్ము. సోతిఖోలా దగ్గర దిగితే ఎత్తు ఏడువందల మీటర్లు, ఉక్కపోత, వరిచేలు, అరటిచెట్లు. హిమాలయాలకు వచ్చామని అనిపించదు. అక్కడినుంచి బుఢీ గండకీ లోయ ఇరుకైపోతుంది. నది అడుగున ఎక్కడో హోరుమంటూ ఉంటుంది, దారి కొండ గోడను చెక్కి వేసినట్టు పైపైకి, మళ్ళీ కిందికి. కొన్నిచోట్ల గోడకు ఇనుప కమ్ములు బిగించి వాటి మీద నడకదారి పరిచారు. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి కేంద్రం ఈ గోర్ఖా జిల్లాలోని బార్పాక్ దగ్గరే. కొండచరియలు జారిన మచ్చలు ఇప్పటికీ అవతలి ఒడ్డున బూడిదరంగులో పైనుంచి కిందిదాకా కనిపిస్తాయి. అలాంటి చోట గైడు మాటలు ఆపేవాడు, మమ్మల్ని ఆపేవాడు, పైకి చూసి రాళ్ళు కదలడం లేదని నిర్ధారించుకున్నాకే ఒక్కొక్కరినీ దాటించేవాడు. ఆ భూకంపంలో వాళ్ళ ఇల్లు కూడా కూలిందని మూడో చరియ దాటాక చెప్పాడు.

ఈ కింది లోయలో దారి అసలు యజమానులు కంచర గాడిదలు. పైఊళ్ళకు బియ్యం, గ్యాసు సిలిండర్లు, సిమెంటు, ఇనుప రేకులు అన్నీ వాటి వీపు మీదే వెళ్తాయి. మెడలో గంటలు దూరంనుంచే వినిపిస్తాయి. గంట వినగానే కొండ వైపుకు తప్పుకుని నిలబడాలి, లోయ వైపు ఎప్పుడూ నిలబడకూడదు. సిలిండరు కట్టిన గాడిద మనల్ని చూసి పక్కకు జరగదు, అది తన వెడల్పు లెక్క వేసుకోదు. వేలాడే వంతెన మీదకు మంద ఎక్కిందంటే అవతల చివరి గాడిద దిగేదాకా ఇవతల ఆగాల్సిందే. తాతోపానీ దగ్గర దారి పక్కనే కొండలోంచి వచ్చే వేడి నీళ్ళకు గొట్టాలు పెట్టారు. గాడిదలు తోలే కుర్రవాళ్ళతో పాటు వరుసలో నిలబడి తల స్నానం చేశాం. ఆ తర్వాత కనుమ దాటేదాకా నా తలకు వేడి నీళ్ళు తగలలేదు.

జగత్‌లో మొదటి పర్మిట్ తనిఖీ. ఫిలిం దాటాక చుమ్ లోయ దారి కుడికి చీలిపోతుంది, జనం ఇంకా పలచబడతారు. దేంగ్ వచ్చేసరికి వరి పోయి బార్లీ, బంగాళాదుంప, మొక్కజొన్న. ముఖాలు, మాట, ఇళ్ళ కప్పులు అన్నీ మారిపోతాయి. ఊరికి ముందు రంగుల బొమ్మలు గీసిన రాతి ద్వారం, దాని వెంట మంత్రాలు చెక్కిన పలకలు పేర్చిన మణి గోడలు. ఇక్కడ మాత్రం నియమం మనకు తెలిసినదే. గోడను కుడి చేతికి ఉంచుకునే దాటాలి. మేము మొత్తం పర్వతాన్ని అప్రదక్షిణంగా చుడుతూ, దారిలో వచ్చిన ప్రతి గోడకూ ప్రదక్షిణంగా తప్పుకుంటూ నడిచాం. బరువు మోస్తున్న పోర్టరు కూడా గోడకు కుడివైపున దగ్గరి దారి కనిపిస్తున్నా చుట్టూ తిరిగే వచ్చేవాడు. అతని బుట్టను, దాన్ని నుదుటికి ఆనించి మోసే పట్టీని ఒకసారి నేను ఎత్తి చూశాను. మెడ వెనక నరాలు లాగేశాయి. మేమిద్దరం కలిపి ఇచ్చిన సామాను ఇరవై కిలోలు దాటకుండా ఖాట్మండులోనే తూచుకుని వచ్చాం. ఆ పట్టీ నా నుదుటికి తగిలాక ఆ ఇరవై కూడా ఎక్కువే అనిపించి పుస్తకాలు, అదనపు బ్యాటరీలు తీసి నా సంచిలో వేసుకున్నాను.

భోజనం విషయంలో మన తెలుగువాళ్ళకు ఇబ్బంది ఉండదు. పొద్దున, రాత్రి దాల్ భాత్: అన్నం, పప్పు, ఆకుకూర, బంగాళాదుంప కూర, ముల్లంగి పచ్చడి. ఎన్నిసార్లు అడిగినా వడ్డిస్తారు. పైకి వెళ్ళేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ బియ్యం అక్కడిదాకా ఎలా వచ్చిందో చూశాం కాబట్టి బేరం ఆడాలని అనిపించలేదు. పులియబెట్టి ఎండబెట్టిన ఆకులతో చేసే గుంద్రుక్ అనే పులుసు నాకు బాగా నచ్చింది. మేము తీసుకెళ్ళిన కందిపొడిని గైడు మొదట అనుమానంగా చూశాడు. నామ్రుంగ్ దాటాక మాకన్నా ముందు తనే అడగడం మొదలుపెట్టాడు.

శిఖరం మొదటిసారి 'లో' అనే పేరున్న ఊళ్ళో కనిపించింది. 3,180 మీటర్లు. రాత్రి చేరేసరికి మబ్బు. పొద్దున ఐదున్నరకు తమ్ముడు తలుపు కొట్టి "అక్కా, బయటికి రా, చెప్పులు వేసుకోకపోయినా సరే" అన్నాడు. గుట్ట మీద బౌద్ధ మఠం, దాని వెనక, దానికన్నా ఎంతో పైన, నేను మబ్బు ఉంటుందనుకున్న చోట, రెండు కొమ్ములున్న తెల్లటి శిఖరం. కింద లోయ ఇంకా చీకట్లో ఉంది. ఎండ పై కొమ్ముకు తగిలి, కిందికి జారుతూ, మఠం కప్పు దాకా వచ్చేసరికి నా కాళ్ళు చలికి మొద్దుబారిపోయాయి. అయినా కదలలేదు.

సామాగావ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ఇది 3,530 మీటర్ల ఎత్తున ఉన్న నుబ్రీ ప్రజల ఊరు, శిఖరం ఎక్కేవాళ్ళకు ఆఖరి ఊరు. ఆగిన రోజున ఊరికే పడుకోకూడదు. ఇంకాస్త ఎత్తుకు వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి పడుకోవాలి. మేము పుంగ్యెన్ మఠానికి వెళ్ళాం. ఊళ్ళోంచి కనిపించదు. ఒక గట్టు ఎక్కి అవతలికి దిగితే హఠాత్తుగా విశాలమైన మైదానం, జడల బర్రెలు, ఎదురుగా మనాస్లు గోడ, దాని పాదాల దగ్గర చిన్న మఠం. జపాన్ పర్వతారోహకులు 1953లో ఈ శిఖరం ఎక్కడానికి ప్రయత్నించి వెనుదిరిగారు. ఆ తర్వాత మంచుచరియలు విరిగిపడి ఈ మఠం ధ్వంసమై 18 మంది చనిపోయారు. దేవతలకు ఆగ్రహం కలిగించారని ఊరివాళ్ళు నమ్మి, 1954లో మళ్ళీ వచ్చిన జపాన్ బృందాన్ని ఊళ్ళోనే అడ్డుకున్నారు. వాళ్ళు గణేశ్ హిమాల్ వైపు మళ్ళాల్సి వచ్చింది. మఠం మళ్ళీ కట్టుకోవడానికి పెద్ద విరాళం ఇచ్చారు. 1956 మే 9న జపాన్ బృందంలోని తోషియో ఇమానిషి, షెర్పా గ్యాల్జెన్ నోర్బు తొలిసారి శిఖరం చేరారు. 1974లో జపాన్ మహిళల బృందం కూడా ఇదే శిఖరం ఎక్కింది. ఎనిమిది వేల మీటర్ల శిఖరాన్ని మహిళలు అందుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ మైదానంలో కూర్చుని ఈ సంగతులు వింటున్నప్పుడు నాకు ఊరివాళ్ళ పక్షమే సరైనదని అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. పద్దెనిమిది మందిని పోగొట్టుకున్న ఊరు ఆ బాధను తనకు తెలిసిన మాటల్లో చెప్పింది. అడ్డుకోవడానికి వాళ్ళకు హక్కుంది.

ఆ సాయంత్రమే ఒక విదేశీ ట్రెక్కరును హెలికాప్టరులో కిందికి తీసుకెళ్ళారు. అతను కింది ఊళ్ళ నుంచి రెండు రోజుల దూరాన్ని ఒక్క రోజులో నడిచి వచ్చాడని లాడ్జి యజమానురాలు చెప్పింది. దగ్గుతూ, పెదవులు నీలంగా, కుర్చీలో ఒరిగి కూర్చున్న ఆ మనిషిని చూశాక మా తమ్ముడు రాత్రి నీళ్ళు తాగే లెక్క కూడా రాసుకోవడం మొదలుపెట్టాడు.

అయినా సామ్దోలో తలనొప్పి వాడికే వచ్చింది. టిబెట్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊరు సామ్దో, 3,875 మీటర్లు. చెట్లు అయిపోయాయి, గాలి ఆగదు. మధ్యాహ్నం నుంచే మాట తగ్గించాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అలాగే వదిలేశాడు. అడిగితే ఒప్పందం ప్రకారం చెప్పాడు: కణతల దగ్గర నొప్పి, కడుపులో తిప్పుతోంది. గైడు వాణ్ని గది లోపల మడమకు బొటనవేలు ఆనిస్తూ సరళరేఖలో నడిపించి చూశాడు. తూలలేదు. "రేపు పైకి వెళ్ళడం లేదు" అన్నాడు. చర్చ లేదు. నొప్పి పెరిగితే రాత్రయినా సరే సామాగావ్‌కు దించేస్తానన్నాడు, దానికోసం టార్చిలైట్లు, బూట్లు తలుపు దగ్గరే పెట్టించాడు. ఆ రాత్రి నేను గంటకోసారి లేచి వాడి ఊపిరి విన్నాను. తెల్లవారేసరికి నొప్పి తగ్గింది, వెల్లుల్లి సూపు తాగాడు. పగలు ముగ్గురం సరిహద్దు వైపు గుట్ట మీదికి కాసేపు ఎక్కి దిగాం. సాయంత్రానికి కందిపొడి డబ్బా వెతికాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మా పథకంలో ఇలాంటి అదనపు రోజు ముందే ఉంచుకున్నాం కాబట్టి తిరుగు ప్రయాణం టికెట్ల ఒత్తిడి లేకుండా ఆగగలిగాం. సెలవులు దొరకలేదని ఆ రోజును తీసేసి వెళ్ళేవాళ్ళను దారిలో చూశాను. వాళ్ళ తలనొప్పిని ఎవరు ఆపుతారో నాకు అర్థం కాలేదు.

ధర్మశాల ఊరు కాదు. కొన్ని రాతి గదులు, గుడారాలు, అంతే. దారంతా విడివిడిగా నడిచినవాళ్ళు అక్కడ ఒక్కచోట పోగవుతారు. చోటు దొరకదని పోర్టరు ముందురోజే పరుగున వెళ్ళి మాకు గది పట్టాడు. తలుపు సందులోంచి గాలి. రాత్రి తొమ్మిదికే నీళ్ళ సీసా గడ్డకట్టకుండా దుప్పట్లోకి తీసుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు, వచ్చినట్టే వచ్చి ఊపిరి అందక మెలకువ అయ్యేది. ఆ ఎత్తులో అది మామూలేనని తెలిసినా చీకట్లో భయం భయమే.

మూడున్నరకు బయలుదేరాం. తలకు కట్టుకున్న లైటు వెలుగులో ముందున్న మడమలు తప్ప ఏమీ కనిపించదు. కనుమ ఏటవాలుగా ఉంటుందని అనుకుంటాం గానీ తూర్పు వైపు ఎక్కుడు మెల్లగా ఉంటుంది. రాళ్ళ దిబ్బల మీద ఒకటి తర్వాత ఒకటిగా గుట్టలు, ప్రతి గుట్టా ఆఖరిదే అనిపిస్తుంది. ఐదు వేల మీటర్లు దాటితే గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో సగానికి కాస్త ఎక్కువ. నేను ఇరవై అడుగులు వేసి పది ఊపిరులు తీసుకునేదాన్ని. తర్వాత పది అడుగులకు పది ఊపిరులు. గైడు వెనక్కి తిరగకుండానే "బిస్తారై, బిస్తారై" అనేవాడు, నెమ్మదిగా, నెమ్మదిగా అని. తెల్లవారేసరికి మంచు మొదలైంది. బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తగిలించుకుంటుంటే చేతి తొడుగు తీసిన నిమిషానికే వేళ్ళు పనిచేయడం మానేశాయి. తమ్ముడు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు పట్టీలూ తనే బిగించాడు.

లార్క్యా లా మీద రంగుల జెండాలు మంచులో సగం కూరుకుపోయి ఉన్నాయి. ఎదురుగా హిమ్‌లుంగ్, చేవో హిమాల్, కాంగ్ గురు శిఖరాలు, దూరాన అన్నపూర్ణ-2. మనాస్లు మాత్రం కనిపించదు, ఆ పక్కనే ఉన్న గట్లు అడ్డం. ఇంత నడిచింది దేనికోసమో అది అక్కడ లేదు. నాకు దాని లోటు తెలియలేదు. తమ్ముడు ఏడుస్తున్నాడు, నేనూ ఏడ్చాను, పావుగంట కూడా ఉండకుండా గైడు కదిలించేశాడు, గాలి లేస్తోంది.

ఆ దారిలో నిజంగా కష్టమైనది దిగడం. కనుమకు పడమటి వైపు నిటారు వాలు, పైన గడ్డకట్టిన మంచు, కింద జారే గులకరాళ్ళు. భీంథాంగ్ దాకా పదిహేను వందల మీటర్లు దిగాలి, అదీ అర్ధరాత్రి లేచిన కాళ్ళతో. చేతికర్రలు లేకపోతే నా మోకాళ్ళు ఉండేవి కావు. కింద మూడు హిమానీనదాలు కలిసే చోటు కనిపిస్తుంటే చూడాలని ఉండేది, కానీ చూడాలంటే ఆగి చూడాలి, నడుస్తూ చూడకూడదు. మధ్యాహ్నానికి పచ్చిక వచ్చింది. భీంథాంగ్ చేరి వెనక్కి తిరిగితే మనాస్లు పడమటి ముఖం అక్కడ ఉంది, తూర్పున చూసిన శిఖరమేనంటే నమ్మలేనంత వేరుగా, నల్లని రాయి, మంచు కలిసి. ఎండలో బల్ల మీద కూర్చుని ఇద్దరం చెరో రెండు సార్లు అన్నం వేయించుకున్నాం.

మరుసటి రోజు నుంచి దారి దూధ్‌ఖోలా వెంట అడవిలోకి దిగుతుంది. పైన్ చెట్లు, లాలీగురాస్ అని పిలిచే రోడోడెండ్రాన్ పొదలు, తడి మట్టి వాసన. ఊపిరి తేలికై మాటలు మళ్ళీ మొదలయ్యాయి. తిలిజే అనే గురుంగ్ ఊళ్ళో రాతి పలకల వీధులు, ఇంటి ముందు ఆరబోసిన మొక్కజొన్నలు. ధారాపానీ దగ్గర అన్నపూర్ణ దారి కలుస్తుంది. చెక్‌పోస్టులో పర్మిట్ మీద ఆఖరి ముద్ర వేశారు. జీపుల మోత, దుమ్ము, పాటలు. బేసీసహర్‌లో గైడుకూ పోర్టరుకూ లెక్క చూసి ఇచ్చాం, నా వెచ్చటి చేతి తొడుగులు పోర్టరు అడిగి తీసుకున్నాడు. వచ్చే నెలలో ఇంకో బృందంతో కనుమ మీదికి వెళ్ళాలట. తిహార్ పండుగకు ఇల్లు చేరాలని మాతో టీ కూడా తాగకుండా గోర్ఖా వైపు వెళ్ళే బస్సు ఎక్కేశాడు.